హై రిస్క్ కాగితం: చదివేదెవరు, తేల్చేదెవరు?

వాడలో మొదట డిగ్రీ చదివినవాళ్ళకి ఒక పని తప్పదు. ఇంగ్లీషులో ఏ కాగితం వచ్చినా అది వాళ్ళ చేతికే చేరుతుంది. బ్యాంకు నోటీసు, భూమి కాగితం, కోర్టు సమను, ఆస్పత్రి రిపోర్టు, ఏదైనా సరే. మేమూ ఆ పని చేసినవాళ్ళమే. కొన్నేళ్ళ కిందట మా చిన్నమ్మ కూతురు ఒక రిపోర్టు తెచ్చి మా చేతిలో పెట్టింది. అప్పటికి ఆమెకు మూడు నెలలు నిండినయి. అది ఒక ప్రైవేటు ల్యాబు కాగితం. అందులో ఒక గ్రాఫు, నాలుగైదు అంకెలు, కింద లావు అక్షరాలతో 'హై రిస్క్', దాని పక్కన 1:180 అని ఉన్నయి. "అక్కా, బిడ్డ మంచిగ లేదంట. తీయించుకుంటేనే నయం అంటున్నరు. నిజమేనా?" అని అడిగింది.

యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న మాకు ఆ రోజు ఆ కాగితం చదవడం రాలేదు. ఆమెకు ఆస్పత్రిలో చెప్పిన మాటలన్నీ కలిపితే రెండు నిమిషాలకు మించవు. ఆ రెండు నిమిషాల మాటలు ఇంటికి చేరేసరికి 'బిడ్డ మంచిగ లేదు' అనే ఒక్క మాటగా మిగిలినయి. అత్తగారి ఇంట్లో అప్పటికే సగం తీర్పు అయిపోయింది.

ఆ తర్వాత ఈ విషయం గురించి చదివినం, తెలిసిన డాక్టర్లను అడిగినం, ఇట్లాంటి కాగితాలు అందుకున్న మరికొందరు ఆడవాళ్ళతో మాట్లాడినం. మాకు అర్థమైంది కార్యకర్తలకూ, ఉపాధ్యాయులకూ, విద్యార్థులకూ చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాం. మీరు ఏ వాడలో పనిచేసినా ఎప్పుడో ఒకసారి ఈ కాగితం మీ చేతికీ వస్తుంది.

ఆ పరీక్ష దేన్ని వెతుకుతుంది?

మనిషి శరీరంలో ప్రతి కణంలోనూ సాధారణంగా 46 క్రోమోజోములు, అంటే 23 జతలు ఉంటయి. బిడ్డ రూపుకట్టే మొదటి దశలోనే ఒక్కోసారి 21వ జతలో రెండుకు బదులు మూడు చేరతయి. దాన్నే డౌన్ సిండ్రోమ్ అంటారు. ఈ పిల్లలకు ఎదుగుదలా, మాటా, చదువూ నిదానంగా వస్తయి. వాళ్ళలో దాదాపు సగం మందికి పుట్టుకతోనే గుండెలో లోపం ఉంటుంది. అందరికీ ఒకే స్థాయిలో ఉండదు. కొందరు బడికి పోయి చదువుకుంటారు, పనులు చేసుకుంటారు. మంచి వైద్యం అందే దేశాల్లో అరవై ఏళ్ళ దాకా బతుకుతున్నారు. 18వ జతలోనో 13వ జతలోనో మూడు ఉంటే మాత్రం పరిస్థితి చాలా తీవ్రం. ఆ బిడ్డల్లో ఎక్కువమంది మొదటి ఏడాది దాటరు.

వీటిని వెతకడానికి 11 నుంచి 14 వారాల మధ్య రెండు పనులు చేస్తారు. స్కానింగులో బిడ్డ మెడ వెనకాల ఉండే నీటిపొర మందం కొలుస్తారు. దాన్ని ఎన్.టి. స్కానింగ్ అంటారు. తల్లి రక్తంలో రెండు పదార్థాలు ఎంతెంత ఉన్నయో చూస్తారు. దాని పేరు డబుల్ మార్కర్. ఆ సమయం దాటిపోతే 15 నుంచి 20 వారాల మధ్య నాలుగు పదార్థాలు చూసే క్వాడ్రపుల్ పరీక్ష ఉంది. వీటికి తల్లి వయసు కలిపి కంప్యూటరు ఒక అంకె తేలుస్తుంది.

ఇవన్నీ వడపోత పరీక్షలు. వడపోత పరీక్ష బిడ్డకు జబ్బు ఉందని చెప్పదు, లేదని కూడా చెప్పదు. ఎవరికి ఇంకా లోతుగా చూడాలో వేరు చేస్తుంది, అంతే. బియ్యంలో రాళ్ళు ఏరేటప్పుడు అనుమానం ఉన్న గింజనల్లా పక్కన పెడతాం. పక్కన పెట్టిన గింజలన్నీ రాళ్ళు కావు. చేటలో మిగిలిన దాంట్లో కూడా ఒక రాయి ఉండొచ్చు.

1:180 అంటే ఏమిటి?

అట్లాంటి ఫలితమే వచ్చిన 180 మంది గర్భిణుల్ని వరసగా నిలబెడితే, వాళ్ళలో ఒకరి బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉండొచ్చని దాని అర్థం. మిగతా 179 మంది బిడ్డలకు ఉండదు. నూటికి లెక్కగడితే ఒకటి కూడా కాదు, అరకు కాస్త ఎక్కువ. మా చెల్లెలు చేతిలో ఉన్న కాగితం చెప్పింది ఇంతే. 'బిడ్డ మంచిగ లేదు' అన్న మాట ఆ కాగితంలో ఎక్కడా లేదు.

మరి హై రిస్క్ అని ఎందుకు రాసినట్టు? ఒక గీత గీసుకుని రాస్తారు. చాలా ల్యాబులు ఆ గీతను 1:250 దగ్గర పెడతయి. 1:240 వస్తే హై రిస్క్, 1:260 వస్తే లో రిస్క్. ఈ ఇద్దరు తల్లుల మధ్య నిజంగా ఉన్న తేడా ఏమంత? ఆ గీత మనుషులు గీసింది. దారిద్య్ర రేఖ ఎట్లా గీస్తారో మనకు తెలుసు. ఇదీ అట్లాంటిదే.

ఇంకో లెక్క చూడండి. డౌన్ సిండ్రోమ్ సుమారు 800 కాన్పుల్లో ఒక బిడ్డకు వస్తుంది. పది వేల మంది గర్భిణులకు స్కానింగూ రక్తపరీక్షా కలిపి చేస్తే, నిజంగా ఆ స్థితి ఉన్న బిడ్డలు 12 లేక 13 మంది ఉంటారు. పరీక్ష వాళ్ళలో పదీ పదకొండు మందిని పట్టుకుంటుంది, ఒకరిద్దరు తప్పిపోతారు. బిడ్డ మామూలుగానే ఉన్న తల్లుల్లో కూడా నూటికి అయిదుగురికి హై రిస్క్ అని వస్తుంది. అంటే దాదాపు 500 మంది. మొత్తం మీద ఆ కాగితం అందుకున్న 510 మందిలో నిజంగా సమస్య ఉన్నవాళ్ళు పదీ పదకొండు మందే. నూటికి 98 మంది ఊరికే భయపడ్డవాళ్ళు. ఇది సగటు లెక్క. ఎవరి కాగితంలో ఉన్న అంకె వాళ్ళది. 1:5 వచ్చినామె పరిస్థితీ 1:240 వచ్చినామె పరిస్థితీ ఒకటి కాదు. అందుకే 'హై' అన్న మాట దగ్గర ఆగిపోకుండా దాని పక్కనున్న అంకె చూడాలి.

అంకె తారుమారయ్యేది ఎక్కడ?

కంప్యూటరు తనకిచ్చిన వివరాలతోనే లెక్క కడుతుంది. గర్భం ఎన్ని వారాలు, తల్లి బరువెంత, వయసెంత, షుగరు ఉందా, కడుపులో ఒకరా కవలలా అన్నవి సరిగ్గా రాయకపోతే అంకె మారిపోతుంది. రక్తంలోని ఆ పదార్థాలు వారం వారం మారుతుంటయి. కూలికి పోయే ఆడమనిషిని చివరి ముట్టు తారీఖు ఎప్పుడని అడిగితే "బోనాల ముందర", "నాట్లప్పుడు" అని చెబుతుంది. రాసుకునేవాళ్ళు ఓపిక లేక ఏదో ఒక తారీఖు వేస్తారు. ఆధార్ కార్డు మీద పుట్టిన తేదీ జనవరి 1 అని ఉన్నవాళ్ళు మన వాడల్లో ఎంతమంది! వయసు కూడా అట్లా అంచనాగా పడిందే. కాబట్టి మొదట చెయ్యాల్సింది కాగితం పైభాగంలో ఉన్న వివరాలు నిజమా కాదా సరిచూడటం. స్కానింగులో బిడ్డ పొడవును బట్టి వారాలు లెక్కగట్టారా అని అడగాలి. తప్పుంటే లెక్క మళ్ళీ కట్టమనడం ఆమె హక్కు.

ఆ తర్వాతి మెట్టు

ఇప్పుడు ఆమె ముందు మూడు దారులు ఉన్నయి. ఇంకే పరీక్షా వద్దనుకుని గర్భం కొనసాగించడం ఒకటి. అదీ ఒక నిర్ణయమే, ఎవరూ బలవంతం చేయకూడదు. 18 వారాల తర్వాత చేసే వివరమైన స్కానింగు మాత్రం ఎట్లాగూ చేయించుకోవడం మంచిది. గుండె లోపం ముందే తెలిస్తే కాన్పు ఎక్కడ చేయించాలో ఆలోచించుకోవచ్చు.

రెండోది ఎన్.ఐ.పి.టి. అనే రక్తపరీక్ష. తల్లి రక్తంలో బిడ్డ డి.ఎన్.ఎ. తునకలు తిరుగుతుంటాయని 1997లో డెన్నిస్ లో అనే శాస్త్రవేత్త బృందం కనుక్కుంది. ఆ ఆధారంతో వచ్చిన పరీక్ష ఇది. డౌన్ సిండ్రోమ్ ఉన్న నూరు గర్భాల్లో 99 దాకా పట్టుకుంటుంది. అయినా ఇదీ వడపోతే. దీని మీద ఆధారపడి గర్భం తీయించుకోవద్దని డాక్టర్లే చెబుతారు. ఖర్చు వేలల్లో ఉంటుంది.

మూడోది నిర్ధారణ పరీక్ష. 15 వారాలు నిండిన తర్వాత స్కానింగులో చూస్తూ సన్నని సూదితో కొంచెం ఉమ్మనీరు తీస్తారు. అంతకన్నా ముందే, 11 నుంచి 14 వారాల మధ్య అయితే, మాయ నుంచి చిన్న ముక్క తీస్తారు. అందులో బిడ్డ క్రోమోజోములు నేరుగా చూస్తారు కాబట్టి ఇక్కడే ఉందో లేదో తేలుతుంది. ఉమ్మనీటి పరీక్ష వల్ల గర్భం పోయే ప్రమాదం కొంత ఉంది. నూటికి ఒకరికి అని పాత పుస్తకాలు రాసేవి. ఇప్పటి అంచనాల ప్రకారం రెండు వందల మందిలో ఒకరి కన్నా తక్కువ. తల్లిది నెగటివ్ గ్రూపు రక్తమైతే పరీక్ష తర్వాత ఒక ఇంజెక్షన్ అవసరం పడుతుంది, ఆ సంగతి ముందే చెప్పాలి. త్వరగా చూసే పద్ధతిలో రెండు మూడు రోజుల్లో ఫలితం వస్తుంది, పూర్తి పరీక్షకు రెండు మూడు వారాలు పడుతుంది. హైదరాబాదులో నిమ్స్ ఆస్పత్రిలో వైద్య జన్యుశాస్త్ర విభాగం ఉంది. ఇట్లాంటి విభాగంలో వివరంగా కూర్చోబెట్టి చెప్పే డాక్టర్లుంటారు. ఊళ్ళో డాక్టరు దగ్గర రిఫరల్ చీటీ రాయించుకుని పోవాలి.

చట్టం ఏమంటుంది?

1994లో వచ్చిన లింగనిర్ధారణ నిరోధక చట్టం గురించి మన కార్యకర్తలకు తెలుసు. ఆడబిడ్డా మగబిడ్డా చెప్పడం నేరమన్నంత వరకే చాలామందికి తెలుసు. అదే చట్టంలో 5వ సెక్షన్ ఇంకో మాట చెబుతుంది. ఇట్లాంటి నిర్ధారణ పరీక్ష చేసేముందు దానివల్ల వచ్చే ఇబ్బందులన్నీ గర్భిణికి వివరించాలి, ఆమెకు అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా ఒప్పుదల తీసుకోవాలి, ఆ కాగితం నకలు ఒకటి ఆమె చేతికివ్వాలి. 'ఆమెకు అర్థమయ్యే భాష' అన్న మాట చట్టంలోనే ఉంది. తెలుగులో చెప్పమని అడగడం డాక్టరు దయ కోసం అడగడం కాదు.

రెండోది 1971 నాటి గర్భస్రావ చట్టం. దాన్ని 2021లో సవరించారు. 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు. బిడ్డకు తీవ్ర లోపం ఉండే అవకాశం ఉన్నప్పుడూ, మరికొన్ని పరిస్థితుల్లోనూ 24 వారాల దాకా ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో వీలుంటుంది. ఆ తర్వాత తీవ్రమైన లోపం ఉందని మెడికల్ బోర్డు తేల్చాలి. అర్జీ అందిన మూడు రోజుల్లో బోర్డు ఏదో ఒకటి చెప్పాలని నిబంధన. 18 ఏళ్ళు నిండిన ఆడమనిషి ఒప్పుకోలు ఒక్కటే చట్టం అడుగుతుంది. మొగుడి సంతకం, అత్త సంతకం చట్టంలో లేవు. కుటుంబం ఒప్పుకోలు లాంటి అదనపు షరతులు పెట్టడం తగదని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఆమె వద్దంటే ఎవరూ తీయించలేరన్నది కూడా ఇదే చట్టం.

ఇక్కడే రోజుల లెక్క వస్తుంది. 12వ వారంలో మొదటి పరీక్ష చేయించుకున్నామెకు ఉమ్మనీటి ఫలితం 18, 19 వారాలకల్లా చేతికి రావచ్చు. ఆలోచించుకోవడానికి టైముంటుంది. 18వ వారంలో మొదటిసారి పరీక్ష చేయించుకున్నామెకు అన్నీ అయ్యేసరికి 22, 23 వారాలు వస్తయి. చాలా ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఈ రక్తపరీక్ష మామూలుగా చెయ్యరు, బయట చేయించుకొమ్మంటారు. కూలి పోగొట్టుకుని, అప్పు తెచ్చి, పట్నం బస్సెక్కి పోయేసరికి వారాలు కరిగిపోతయి. చట్టం అందరికీ ఇరవైనాలుగు వారాలే ఇచ్చింది. మన ఆడవాళ్ళ చేతికి వచ్చేసరికి అందులో మిగిలేవి ఒకటో రెండో.

గర్భిణి ఖర్చు ఎవరు మొయ్యాలన్న ప్రశ్న మన ఉద్యమానికి కొత్తది కాదు. 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి సౌకర్యాల బిల్లు వచ్చినప్పుడు అంబేద్కర్ దాన్ని సమర్థించి మాట్లాడారు. కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికే మేలు కాబట్టి ఆ భారంలో ప్రభుత్వానికీ వంతు ఉండాలన్నారు. పరీక్షల ఖర్చు గురించి ఇవాళ మనం అడగాల్సిందీ అదే దారిలో ఉంది.

నింద ఎవరి మీద?

ఆ కాగితం ఇంట్లోకి వచ్చిన రోజే వెతుకులాట మొదలవుతుంది. గ్రహణం రోజు బయట తిరిగిందనీ, మేనరికం చేసుకున్నరనీ, వాళ్ళ అమ్మగారి వంశంలోనే ఉందనీ, పూర్వజన్మ పాపమనీ అంటారు. వేలు చివరకు ఆమె వైపే తిరుగుతుంది. డౌన్ సిండ్రోమ్ నూటికి 95 వంతులు కణం విడిపోయేటప్పుడు జరిగే పొరపాటు వల్ల వస్తుంది. దానికి గ్రహణంతో సంబంధం లేదు, తల్లి తిన్న తిండితో లేదు, ఎత్తిన బరువుతో లేదు. మేనరికం వల్ల కొన్ని ఇతర వంశపారంపర్య జబ్బులు పెరిగే మాట నిజమే, కానీ డౌన్ సిండ్రోమ్‌కు అది కారణం కాదు. తల్లి వయసు పెరిగేకొద్దీ అవకాశం పెరుగుతుంది. ఇరవై ఏళ్ళప్పుడు సుమారు 1,500 మందిలో ఒకరికి, 35 ఏళ్ళప్పుడు 350 మందిలో ఒకరికి, 40 ఏళ్ళప్పుడు నూటికి ఒకరికి. అయినా ఎక్కువమంది కాన్పులు చిన్న వయసులోనే కాబట్టి ఈ పిల్లల తల్లుల్లో చిన్న వయసు వాళ్ళూ ఎక్కువే ఉంటారు. పూర్వజన్మ పాపం అన్న మాట మన మీద ఎన్ని తరాలు వాడారో గుర్తున్నవాళ్ళం. అదే మాట మన ఇంటి కోడలి మీద మనమే వాడకూడదు.

పుట్టుకకు విలువ కట్టడం

ఈ స్థితికి పేరు పెట్టిన చరిత్ర కూడా తెలుసుకోవాలి. 1866లో లాంగ్డన్ డౌన్ అనే ఇంగ్లీషు డాక్టరు ఈ పిల్లల ముఖాలు చూసి వాళ్ళను మంగోల్ జాతి పేరుతో పిలిచాడు. తెల్లజాతిని పైన పెట్టి మిగతా జాతులను కింద పేర్చే ఆ కాలపు మెట్ల లెక్కలో ఈ పిల్లల్నీ ఇమిడ్చాడు. 1959లో జెరోమ్ లెజ్యూన్ బృందం అదనపు క్రోమోజోము సంగతి ప్రకటించడంతో అసలు కారణం బయటపడింది. 1961లో కొందరు శాస్త్రవేత్తలు ఆ జాతి పేరు మానెయ్యాలని రాశారు. మంగోలియా దేశం అభ్యంతరం చెప్పిన మీదట 1965లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని వదిలేసింది. పుట్టుకను బట్టి మనిషిని మెట్టు మీద నిలబెట్టడం ఎట్లాంటిదో మనకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. 'అట్లాంటి బిడ్డ ఎందుకు' అన్న మాట వినగానే మనకు చెవి కలుక్కుమనాలి.

అట్లాగని ఆమె తప్పకుండా కనాలని మనం తీర్పు చెప్పలేం. పెంచే చేతులు ఆమెవి. కూలి మానుకుని చూసుకోవాల్సింది ఆమె. కనమని ఒత్తిడి చేసేవాళ్ళు రేపు బడి దగ్గరా ఆస్పత్రి దగ్గరా ఆమె వెంట ఉండరు. గర్భం తీయించుకున్నామెను బిడ్డను చంపుకున్నదని అనే నోరూ మనది కాకూడదు. నిర్ణయం ఆమెది. ఆ నిర్ణయం నిజంగా ఆమెది కావాలంటే రెండు వైపులా దారి ఉండాలి. బిడ్డను పెంచే దారి మూసేసి 'నీ ఇష్టం' అంటే అందులో ఇష్టమేముంది?

ఆ దారి కోసం కొట్లాడిన చరిత్ర మనకుంది. 1994లో మొదలైన మాదిగ దండోరా 2004 ప్రాంతంలో గుండె జబ్బు పిల్లల ఆపరేషన్ల కోసం రోడ్డెక్కింది. 2007లో వికలాంగుల హక్కుల కోసం కదిలింది. ఆరోగ్యశ్రీ 2007లో వచ్చింది. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో సగం మందికి గుండె లోపం ఉంటుందని పైన చెప్పినం. ఆ ఆపరేషను పేదవాళ్ళకు దొరకడం మొదలైనాక ఈ పిల్లల బతుకు లెక్కే మారింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం మానసిక ఎదుగుదల లోపాన్ని గుర్తించింది, 6 నుంచి 18 ఏళ్ళ దాకా ఉచిత చదువు హక్కుగా ఇచ్చింది. వికలాంగుల పింఛను తెలంగాణలో 2023లో 4,016 రూపాయలయింది, ఆంధ్రప్రదేశ్‌లో 2024లో 6,000 అయింది. కాగితం చేతిలో పట్టుకుని ఏడుస్తున్న తల్లికి ఆస్పత్రిలో ఎవరూ ఈ మాటలు చెప్పరు. చెప్పకుండా నిర్ణయం తీసుకొమ్మంటారు.

ఆ వారాలు గడిచేదెట్లా?

ఫలితం కోసం ఎదురుచూసే రెండు మూడు వారాలు అన్నిటికన్నా బరువైనవి. మేము మాట్లాడిన ఆడవాళ్ళందరూ ఈ మాటే చెప్పినరు. కడుపు మీద చెయ్యి వెయ్యడానికి భయపడినం అని ఒకామె అన్నది. శ్రీమంతం మాట వస్తే లేచి పోయేదాన్నని ఇంకొకామె. ఆ భయం పిచ్చి కాదు, బలహీనతా కాదు. ఆమెను ఆ రోజుల్లో ఒంటరిగా వదలకూడదు. ప్రతి చుట్టానికీ చెప్పుకునే అవసరం ఆమెకు లేదు. నమ్మకమైనవాళ్ళు ఒకరిద్దరు చాలు. ఆస్పత్రికి పోయేటప్పుడు వెంట ఒకరు పోవాలి, చెప్పినవి రాసుకోవాలి. ప్రశ్నలు ముందే కాగితం మీద పెట్టుకోవాలి. నా అంకె ఎంత? వారాలు సరిగ్గా వేశారా? స్కానింగులో మెడ పొర మందం ఎంత ఉంది? తర్వాతి పరీక్ష ఏది, ఎంత ఖర్చు, ఎన్ని రోజులు? అప్పటికి నాకు ఎన్ని వారాలవుతయి? పరీక్ష వద్దంటే ఏమవుతుంది? నిద్ర పట్టకపోతే, తిండి సయించకపోతే అదీ డాక్టరుకు చెప్పాలి. వీలైతే ఇట్లాంటి బిడ్డను పెంచుతున్న తల్లి ఒకరితో మాట్లాడించాలి. పుస్తకం చెప్పలేనివి ఆమె చెబుతుంది, మంచీ చెడూ రెండూ.

మా చెల్లెలి ఫలితం ఏమొచ్చిందో, ఆమె ఏం నిర్ణయించుకుందో ఇక్కడ రాయం. అది ఆమె సొంత విషయం. ఒకటి మాత్రం చెప్పగలం. 1:180 అంటే ఏమిటో ఎవరో కూర్చోబెట్టి తెలుగులో చెప్పిన రోజు ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఈ మాట ఆ రోజే చెప్తే ఇన్ని రోజులు అన్నం తిందును గదా అక్కా" అన్నది. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. రేపు మీ చేతికి అట్లాంటి కాగితం వస్తే మీరు ఆ రోజే చెప్పండి.